పాత నంబరు

జమాఖర్చుల సెక్షన్ వాళ్ళంతా టీకి లేచి వెళ్ళగానే అతను మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టాడు. తాళం వేయకుండా వదిలేసిన కంప్యూటరు కనబడితే చాలు, తెరకు తాళం వేసి, కీబోర్డును ఎత్తి బోర్లా పెడతాడు. తిరిగొచ్చినవాడు దాన్ని చూసి సిగ్గుతో తల దించుకోవాలని అతని ఉద్దేశం. ఇన్నేళ్ళలో ఒక్కరూ దించుకోలేదు. "తాళంకప్ప వచ్చి వెళ్ళాడు" అనుకుని, కీబోర్డు తిరగేసుకుని పనిలో పడేవారు.

కీబోర్డు అడుగున చూడటం కూడా ఈ గస్తీలో భాగమే. కిటికీ పక్కన కూర్చునే పెద్దాయన తన పాస్‌వర్డును చీటీ మీద రాసి అక్కడ అంటించుకున్నాడు. ఎవరైనా పొరబడతారేమోనని పైన ‘పాస్‌వర్డు’ అని శీర్షిక కూడా పెట్టాడు. అది ఆయన కూతురి పేరు. ఆ కూతురు తెర పక్కనే ఫ్రేములో, పేరుతో సహా, నవ్వుతోంది. అతను చీటీని గోటితో గీకి తీసి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేయకుండా జేబులో పెట్టుకున్నాడు. చెత్తబుట్టలోంచి ఏరుకునేవాళ్ళుంటారని శిక్షణలో చెప్పారు.

"గాడిదలు" అనుకున్నాడు. ఆ మాట మనసులో అనుకోనిదే అతనికి రోజు గడవదు.

సన్నటి మనిషి. చొక్కా గుండీలు మెడదాకా బిగించుకుంటాడు. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుంటుంది. వాటిలో సగం ఏ తలుపులవో అతనికే గుర్తులేదు. నడుస్తుంటే గలగలమంటాయి. ఆ చప్పుడు వినగానే ఆఫీసంతా గబగబా తెరలకు తాళాలు వేసేసి బుద్ధిమంతుల్లా కూర్చుంటుంది. చప్పుడు దూరమవగానే మళ్ళీ మామూలే. అతను వాళ్ళకు నేర్పిన భద్రత మొత్తం కలిపి ఆ గలగలను గుర్తుపట్టడమే.

అది సీసాల మూతలు తయారుచేసే కంపెనీ. మూతల కంపెనీలో దొంగలకు పనికొచ్చే రహస్యాలేముంటాయని మేనేజరే నవ్వేవాడు. ఈ తాళంకప్ప మొదట గోదాములో మూతల సంచులు లెక్కబెట్టేవాడు. అప్పట్లో అతనొకడున్నాడని కూడా ఎవరికీ తెలియదు. జీతాల రోజున పేరు పిలిస్తే, ఎవరబ్బా అని తలలు తిప్పి చూసేవారు. తర్వాత ఒకరోజు ఎవరో మహానుభావుడు ‘బిల్లు జతచేశాము’ అన్న మెయిలు తెరిచాడు. కంపెనీ కంప్యూటర్లన్నీ కొయ్యబారిపోయాయి. యజమానికి చెమటలు పట్టాయి. ఎవరినైనా శిక్షణకు పంపమన్నాడు. పనున్నవాడెవడూ వెళ్ళనన్నాడు. దాంతో ఇతన్ని పంపారు.

తిరిగొచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్టు, దాంతోపాటు పైకెత్తిన గడ్డం తెచ్చుకున్నాడు. సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. గడ్డాన్ని మాత్రం మళ్ళీ దించలేదు. మెట్ల దగ్గరా నీళ్ళ కూలరు దగ్గరా కాగితాలు అంటించాడు. తెలియని లింకు నొక్కకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఒకే పాస్‌వర్డు అన్నిచోట్లా వాడకండి. అన్నీ నిజమే, ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ కాగితాల్లో ప్రతిదాని అడుగునా ఎర్ర సిరాతో ‘ఇంతకన్నా సులువుగా చెప్పలేను’ అని రాసిపెట్టాడు. ఎవరికైనా సందేహం వచ్చి అడగబోతే, వేలెత్తి గోడవైపు చూపించేవాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. అందరికీ అర్థమైపోయిందని అతను సంబరపడ్డాడు.

కొనుగోళ్ళ సెక్షన్‌లో కీబోర్డు తిరగేస్తుండగా జేబులో ఫోను కదిలింది. తెలియని నంబరు నుంచి మెసేజి.

"అన్నయ్యా, నేను. నా ఫోను షెడ్డులో ఉండిపోయింది. ఇది తోటివాడి నంబరు. గుండెల్లో నొప్పని పెద్దాసుపత్రిలో చేర్చారు. ఒకసారి రా. తొందరగా."

చదివి, ముక్కుతో నవ్వాడు. ఇలాంటివి అతను ఎన్ని చూడలేదు? కొత్త నంబరు, తొందర, ఆసుపత్రి. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలోంచి ఎత్తి రాసినట్టే ఉంది.

తమ్ముడున్న మాట నిజమే. ఊరికి ఆ చివర వాహనాల సీట్లకు తొడుగులు కుట్టే షెడ్డులో పని. పెళ్ళీ పెటాకులూ లేవు, షెడ్డు వెనక గదిలోనే ఉంటాడు. ఒకప్పుడు వాడి ఫోనులోకి వచ్చిన చెత్తంతా బంధువులందరికీ పంపేవాడు. ఈ లింకు నొక్కితే ఉచిత బహుమతి, ఈ మెసేజి పదిమందికి పంపితే మంచి జరుగుతుంది, ఇలాంటివి. ఒకసారి చుట్టాలింట్లో అందరూ కూర్చుని ఉండగా అతను తమ్ముడి ఫోను లాక్కున్నాడు. దానికి తాళం లేదు, వేలు తగిలితే తెరుచుకుంది. లోపలున్నవన్నీ ఒక్కొక్కటే పైకి చదివి వినిపించాడు. బావలూ మరదళ్ళూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

"దీనికీ తాళం లేదు, నీ బుర్రకీ లేదు" అన్నాడు అతను. "ఎవడైనా నా పేరు చెప్పి కొత్త నంబరుతో అడిగితే ఇచ్చేస్తావా? పాత నంబరుకి చేసి కనుక్కోవాలని తెలీదూ?"

తమ్ముడు మెడ గోక్కుంటూ నవ్వి, "నా ఫోన్లో దాచుకోడానికేముందన్నయ్యా" అన్నాడు. అయినా పాత నంబరు మాట ఇంకోసారి చెప్పించుకుని, బాగుందన్నాడు. ఆ రోజు నుంచి ఎవరికీ ఏమీ పంపలేదు. అన్నయ్యకైతే అసలే పంపలేదు. వాడికి బుద్ధి వచ్చిందని అతను చుట్టాలందరి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు అతని బొటనవేలు తమ్ముడి పాత నంబరు మీదకు వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది. చేస్తే ఏమవుతుంది? వాడు మిషను మీంచి లేచి, చేతులు తుడుచుకుంటూ, ‘ఏంటన్నయ్యా’ అంటాడు. ఏమని చెప్పాలి? ఇలా మెసేజి వచ్చింది, నువ్వేనేమోనని భయపడ్డానని చెప్పాలి. వాడు నవ్వడూ? చుట్టాలందరిలో చెప్పుకోడూ? అంతటివాడు ఇంతటిదానికి హడలిపోయాడట అని. ఆ ఊహకే ఒళ్ళు మండింది. మెసేజిని ఫొటో తీసుకుని, ఆ నంబరును బ్లాక్ చేసేశాడు. పైగా హుషారు వచ్చింది. మధ్యాహ్నం అవగాహన తరగతికి తాజా ఉదాహరణ దొరికింది.

తరగతికి అందరూ ఉరికంబానికి వచ్చినట్టు వచ్చారు. మేనేజరు ముందు వరసలో కూర్చుని, దీపాలు ఆర్పగానే కునుకు తీశాడు. కంపెనీలో అందరికన్నా చెత్త పాస్‌వర్డు ఆయనదే. అది అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన బదులు అనుమతులు నొక్కేది వాళ్ళే. ఆ విషయం తాళంకప్ప ఎప్పుడూ ఎత్తడు. అతని సింహగర్జనలన్నీ చిన్న జీతాలవాళ్ళ మీదే.

తెర మీద మెసేజి ఇంతింత అక్షరాలతో పడింది. అతను కర్ర పట్టుకుని ఒక్కొక్క మాటా పొడిచి చూపించాడు. అన్నయ్యా అన్నాడు, పేరు చెప్పలేదు, ఎందుకంటే పేరు తెలియదు. ఫోను ఉండిపోయిందన్నాడు, అంటే వెనక్కి ఫోను చేయకుండా కట్టడి. గుండెల్లో నొప్పన్నాడు, అంటే మన బుర్ర పని చేయకుండా చేయడం. తమ్ముడి గొంతును ఏడుపుగొట్టు గొంతుతో అనుకరించి, "ఒకసారి రా, తొందరగా" అని చదివాడు. గదంతా గొల్లుమంది. ఆ ఉద్యోగంలో అతను వాళ్ళను నవ్వించింది అదే మొదటిసారి. చెవులదాకా ఎర్రబడ్డాడు, సంతోషంతో.

వెనక వరసలోంచి రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ చెయ్యెత్తింది. ఆఫీసంతా అక్కా అని పిలిచే మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. ఉచిత కుక్కరు వస్తుందన్న లింకు నొక్కి, నెల్లాళ్ళు కుక్కరు కోసం గుమ్మంవైపు చూసిన ఘనురాలు. అతను ప్రతి తరగతిలోనూ ఆ కథ చెప్పేవాడు, ఆవిడ ఎదుటే.

"డబ్బులేం అడగలేదు కదండీ" అంది ఆవిడ. "రమ్మన్నాడంతే."

"అడుగుతాడు. రెండో మెసేజీలో."

"ఏమోనండీ. నేనైతే వెళ్ళేదాన్నే."

మళ్ళీ నవ్వులు. అతను నవ్వులన్నీ అయ్యేదాకా ఆగి, తర్వాతి తెర వేశాడు. ‘అనుమానం వస్తే ఏం చేయాలి’ అని దానిమీద ఉంది. వచ్చిన నంబరుకు జవాబు ఇవ్వకూడదు, మనకు ముందునుంచీ తెలిసిన పాత నంబరుకు మనమే ఫోను చేసి కనుక్కోవాలి. గొంతు పెంచి, రెండుసార్లు చదివాడు.

"మరి మీరు చేశారాండి?" అంది ఆవిడ.

"అనుమానం వస్తే చెయ్యాలి" అన్నాడు. "నాకు అనుమానమే రాలేదు."

చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పుడుకు మేనేజరు లేచి, తనూ కొట్టాడు.

సాయంత్రం ఆఫీసు సర్దుకుంటున్న వేళ రిసెప్షనావిడ అతని బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. ఆఫీసు ఫోనుకు ఎవరో చేసి లైన్లో ఉన్నారని, మీ తమ్ముడి గురించట అని, ఎందుకో గొంతు తగ్గించి చెప్పింది. అతను చుట్టూ చూశాడు. సంచులు భుజాలకు తగిలించుకుంటూ పొద్దున్నటి గాడిదలన్నీ అక్కడే ఉన్నాయి. ఇంతకంటే మంచి సమయం దొరకదు. బ్లాక్ చేస్తే ఏకంగా ఆఫీసుకే చేస్తున్నారు చూశారా అని అందరికీ చెప్పి, ముందు గదిలోకి వెళ్ళి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కాడు.

అవతలివాడు షెడ్డులో తోటి పనివాణ్ణని ఏదో చెప్పబోయాడు. అతను అడ్డుకున్నాడు.

"ఆ కథలన్నీ తర్వాత. మా చిన్నప్పుడు మేం పెంచిన కుక్క పేరేంటో మా తమ్ముణ్ణి అడిగి చెప్పు. అప్పుడు మాట్లాడతా."

కిటికీ పక్క పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు.  అవతల వెనకెక్కడో చక్రాల మంచం దొర్లుతున్న చప్పుడు.

"అడగడానికి మనిషి లేడండి" అన్నాడు అవతలివాడు. "ఇందాకే పోయాడు."

ఎవరూ నవ్వలేదు.  అతను మాత్రం, ఇది కూడా వాళ్ళ ఎత్తే అన్నట్టు అందరి మొహాలవైపూ చూశాడు. ఏ మొహమూ అతనికి సాయం రాలేదు. రిసెప్షనావిడ కుర్చీ జరిపి పెట్టింది. అతను కూర్చోలేదు. జేబులోంచి ఫోను తీసి, పొద్దున వేలు ఆగిపోయిన ఆ పాత నంబరు నొక్కాడు.

ఒక్క మోతకే ఎత్తారు. షెడ్డు యజమానట, ముసలి గొంతు.

"మీరేనా అన్నగారు? పొద్దుట్నుంచీ మీ కోసమే కూర్చున్నానయ్యా. ఆసుపత్రి నుంచి తోటివాడితో చెప్పించాడు. నా ఫోను చార్జింగులో పెట్టి దగ్గరుంచుకోండి, మా అన్నయ్య కొత్త నంబరు నమ్మడు, పాత నంబరుకి చేసి కనుక్కుంటాడు, ఎత్తండీ అని. మేమే మీకు గానీ మీ ఆఫీసుకు గానీ చేస్తామన్నా వద్దన్నాడు. అన్నయ్య పద్ధతి అదీ, చేస్తాడు చూడండీ అని మధ్యాహ్నం దాకా అంటూనే ఉన్నాడట."

 అతను ఇంతమందికి ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాడు. విన్నవాడు ఒక్కడే. వాడికే బుర్ర లేదని తేల్చాడు.

ఆఫీసులోంచి అతను బయటికి నడిచినప్పుడు తాళంచెవులు గలగలలాడాయి. అలవాటు కొద్దీ ఒకరిద్దరు తెరలవైపు చెయ్యి చాచి, చాచినందుకు సిగ్గుపడి, ఆపుకున్నారు.

ఆసుపత్రిలో చేయవలసినవి చేసి, సంతకాలు పెట్టి, బాగా పొద్దుపోయాక షెడ్డుకు వెళ్ళాడు. సగం కుట్టిన సీటు తొడుగు మిషను సూది కిందే ఉంది. యజమాని లేచి నిలబడి, వేలితో చూపించాడు.

దారపు ఉండల మధ్య చోటు చేసి పెట్టిన ఫోను, వైరు తగిలించి, నిండా చార్జింగుతో, మోత అందరికీ వినబడేలా పూర్తిగా పెంచి ఉంది. అతను ముట్టుకోగానే, ఏ తాళమూ అడగకుండా, తెరుచుకుంది.