మడమ మీది తీపి

కిర్గిజ్‌స్తాన్‌లోని మా నారిన్ ఊరి ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో చక్కెర చూడడానికి రెండు రకాల మిషన్లలో ఒకటి ఎంచి చెప్పమని నాకు అప్పగించారు. ఒకటి పాత రకం, ఒకటి కొత్తది. మూడు వారాలు ప్రతి బిడ్డకూ రెండింటితోనూ చూసి, ల్యాబ్‌కూ రక్తం పంపాను. ల్యాబ్ అంకెతో ఎక్కువసార్లు కలిసింది పాతదే. అయినా దాన్ని వెళ్లగొట్టాలనే నా పట్టు.

పన్నెండేళ్ల క్రితం ఆ రకం మిషనే నా కొడుక్కి చక్కెర బాగుందని చూపింది. సాయంత్రానికి వాడు లేడు. మొగుడు పనికని రష్యా వెళ్లి అక్కడే వేరే సంసారం పెట్టుకున్నాడు. నాకు మిగిలినవి ఫోన్లో అత్తగారి గొంతు, ఈ మిషన్ మీద పగ.

ఆఖరి రోజు పొద్దున కాలిచా అనే పెద్దావిడ మనవడికి పరీక్ష. బిడ్డ చేతులు వణుకుతున్నాయి. మిషన్లు రెండూ మా కొలతలో ఐదు చూపించాయి.

"ఐదంటే మంచిదేగా సిస్టరమ్మా?" అంది కాలిచా, మనవడి పాదం వదలకుండా.

"మంచిదే. మరి వీడెందుకు వణుకుతున్నాడు?"

"మా వంశమే అంత. వీళ్ల తాత పెళ్లిరోజు ఇలాగే వణికాడు."

నవ్వబోతూ మడమ తాకాను. వేలికి జిగురుగా తగిలింది.

"మీ చేతులకేంటమ్మా అది?"

"గుమ్మం దగ్గర మిఠాయిలు చల్లొచ్చాను. మనవడు పుడితే చల్లనా మరి?"

మడమ గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ గుచ్చాను. రెండు మిషన్లూ ఒకటిన్నరకు పడిపోయాయి. డాక్టర్ని కేకేశాను. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం. మధ్యాహ్నానికి వణుకు తగ్గి బిడ్డ పాలు తాగాడు.

అప్పుడు తట్టింది నాకు. పన్నెండేళ్ల క్రితం ఆ రోజు మా అత్తగారూ మిఠాయిలు చల్లే లోపలికొచ్చింది. నర్సు గుచ్చుతుంటే నా కొడుకు పాదం పట్టుకున్నది ఆవిడే. మిషన్ తనకు అంటిందే చెప్పింది. గుండె చెరువైంది, చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

కాగితం మీద పాత రకమే ఉంచమని రాశాను. ముందు మడమ కడగాలని కింద రాసి రెండు గీతలు గీశాను.

సాయంత్రం అత్తగారు ఫోన్ చేసింది.

"తిన్నావా అమ్మాయ్?"

"తిన్నానత్తయ్యా."

"ఇవాళేగా తేల్చేది. మన బాబును పొట్టనబెట్టుకున్న ఆ మిషన్ని తీయించేశావా?"



"తీయించేశాను."

"మంచి పని చేశావు. ఇక నాకు నిమ్మళంగా నిద్రపడుతుంది."

పన్నెండేళ్లలో ఆవిడ దగ్గర నేను దాచిన మొదటి నిజం అది. ఇకమీదట ఆవిడతో మాట్లాడుతున్నప్పుడు కూడా నేను ఒంటరిదాన్నే.