బావగారి నీళ్లు

చిన్నకోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: ఈ పంట కూడా పోతే పొలం బావగారి పాలవుతుంది, తన బిడ్డ ఆయన గుమ్మం ముందు చెయ్యి చాచి పెరుగుతుంది. "ఈసారీ తప్పితే పెద్దాడికి వదిలెయ్యండి" అని మామగారు తేల్చేశాడు. మొగుడేమో దూరాన మిల్లులో మూటలు మోస్తున్నాడు.

బిడ్డను గట్టు మీద పాత చీర పరిచి కూర్చోబెట్టి, క్షణానికోసారి తలెత్తి చూసుకుంటూ వంగి కలుపు తీస్తోంది. వరి చేను చిరుపొట్ట మీదుంది, వెన్ను ఇంకా లోపలే ఊరుతోంది. కాలువ నీళ్లు బావగారి పొలం దాటి, ఆయన గట్టుకున్న మడవ తెరిస్తేనే ఇటు వస్తాయి. పోయినేడు సరిగ్గా పొట్ట మీదున్నప్పుడు ఆ మడవకు మట్టేసి మూశాడు. పంటంతా తాలు. ఆమె తూర్పారబోస్తుంటే గట్టున నిలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆమె కడుపులో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు వ్యవసాయాఫీసు అమ్మాయి వచ్చి చెప్పింది. "పిలకలేసేటప్పుడు నేల సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ తడుపక్కా. పొట్టకొచ్చాక మాత్రం నీళ్లు నిలబడాలి." ఊరంతా నవ్వింది. ఈమె నవ్వలేదు. ఆరబెట్టాల్సిన రోజుల్లో బావగారి వాకిట్లో కూలబడి నీళ్లు నీళ్లని ఏడ్చింది. ఆయన మూసేశాడు. తడపాల్సినప్పుడు వద్దు మొర్రో అంది. తెరిచాడు. ఒక్కో దుబ్బు పిడికిట పట్టనంత పిలకేసింది.

ఇవాళ మళ్లీ బిడ్డను చంకనేసుకుని వెళ్లింది.

"బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటా. నా చేలోకి నీళ్లొదలకండి. ఆఫీసమ్మాయి ఆరబెట్టమంది."

"ఆ పిల్ల గోటికి ఏనాడైనా మట్టంటిందా?"

"కుళ్లిపోతుంది బావగారూ!"

"కుళ్లితే నీ మొగుడొచ్చి ఎత్తిపోసుకుంటాడులే. పో!" పార భుజానేసుకున్నాడు. మొహం పాలిపోయి చెమటలు కారుతున్నాయి. ఆమె పట్టించుకోలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటూ వచ్చేసింది.

మధ్యాహ్నానికి నీళ్ల చప్పుడు వినిపించింది. కోతల నాడు నలుగురిలో అందామని దాచుకున్న మాట ఇక ఆగేలా లేదు. పొద్దు వాలుతుంటే గట్టెక్కింది. బావగారు మడవ పక్కన గట్టుకు చేరబడి, అటు తిరిగి కూర్చున్నాడు.

"బావగారూ! ఈ ఏడు నా చేను పండించింది మీరే!"

పలకలేదు. ఒక్క తిట్టయినా తిట్టలేదు. చెంబెడు నీళ్లు వృథా అయితే ఇల్లెగరగొట్టే మనిషి, తన చేలో నీళ్లన్నీ ఖాళీ అవుతున్నా కదల్లేదు. ఒక కప్ప ఎగిరి ఆయన పాదం మీద కూర్చుంది. విదిలించలేదు.

ఆమె బిడ్డను గుండెకు అదుముకుంది. అడుగు ముందుకు పడటం లేదు.

అటు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఆ పెద్దమనిషిని ఒక్కసారి తట్టి చూడండి. ఆమె వల్ల కావడం లేదు. మడవలో దిగేసిన ఆయన పార అలాగే ఉంది, పారే నీళ్లకు పిడి సన్నగా వణుకుతూ.