మొఖం లేని గడప

వినోద పొద్దున లేచినంక మొదట చేసే పని గడప కడుగుడు. వాకిట్ల సాన్పు చల్లి, ముగ్గేసి, గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అప్పుడు పొయ్యి ముట్టిస్తది. చాయ తాగినంక చాటల తునికాకు, తంబాకు ముందర పెట్టుకొని బీడీలు చుట్ట కూసుంటది. లక్సెట్టిపేటల ఆ వాడకట్టు ఆడవాళ్ళలో సగం మందిది ఇదే పని. ఏండ్ల తరబడి చుట్టి చుట్టి వాళ్ళ వేళ్ళ కొసలు గట్టిపడి, గోధుమరంగు తేలి ఉంటయి. ఎంత రుద్ది కడిగినా ఆ రంగు పోదు.

వినోద ఇంటి గడపకు ఒక అలవాటు ఉన్నది. ఆమె ఎటు పోతే అది అటు పోతది. పాత టేకు గడప, కాళ్ళు పడి పడి నడుమ కొంచెం అరిగింది. ఆమె బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోతే లేగదూడ తీరు వెనుకనే జరుక్కుంట వస్తది. అంగట్ల ఎవరి కాలికన్న తగులుతే, "జర జరుగు" అంటే జరుగుతది. ఆమె భర్త పర్శరాములుకు మాత్రం దీంతోని పరేషాన్. ఆమె బయటికి పోయిందంటే దర్వాజ కింద సందు పడి కోళ్ళన్నీ ఇంట్లకు వస్తయి.

"నువ్వు పోతే పో, గడపనన్న ఉంచి పోరాదు?" అంటడు.

"నేను వద్దంటనే ఉన్న, అది ఇంటదా? నువ్వే చెప్పు."

"ఈ ఇంట్ల మనుషులే నా మాట ఇనరు, ఇగ చెక్క ఇంటదా!"

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, సృజన. పెండ్లయినంక మస్కట్ పోయింది. అల్లుడు సుధాకర్ అక్కడ ఏసీలు బాగుచేస్తడు. సృజనకు నెలలు నిండుతున్నయి. మొదటి కాన్పు అవ్వగారింట్ల కావాలె, అది మన ఆనవాయితీ. కానీ బీపీ పెరిగిందని, విమానం ఎక్కొద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సుధాకర్‌కు తల్లి లేదు. ఆడదిక్కు ఎవ్వరు లేని ఇంట్ల ఆ పిల్ల పొద్దంత ఒక్కతే ఉంటది.

"అవ్వా, నాకు భయమైతుందే" అని సృజన ఫోన్ల ఏడ్చింది.

"నువ్వు రాకుంటేంది, నేనే వస్త. ఫికర్ చెయ్యకు" అన్నది వినోద.

సుధాకర్ విజిట్ వీసా పంపిండు, రాను పోను రెండు టికెట్లు కొన్నడు. వినోద బాలింతకు పెట్టే కాయం నూరింది, వెల్లిపాయ కారం దంచింది. తన పాత నూలు చీరలు ఉతికి, మెత్తగ చించి, మడతలు పెట్టి సంచిల సర్దుకున్నది. పురిటి బిడ్డ ఒళ్ళు పువ్వసొంటిది, కొత్త బట్ట గుచ్చుకుంటది. అందుకే మన దిక్కు పురిటి బిడ్డకు ముందుగాల పాత బట్టనే చుడుతరు.

ఇక్కడ ఇంకో పద్ధతి గురించి చెప్పాలె, లేకుంటే తరువాత జరిగింది అర్థం కాదు. బయలెల్లిన మనిషిని "ఎక్కడికి?" అని అడుగరాదు. అడిగితే పోయే పని చెడుతదని నమ్మకం. ఎవరన్న మరిచి అడిగిండ్రనుకోండి, ఆ మనిషి వెనుకకు రావాలె, కూసోవాలె, గుక్కెడు నీళ్ళు తాగాలె, మళ్ళ కొత్తగ బయలెల్లాలె. అందుకే ఆ పొద్దు వాడకట్టంత నోరు మూసుకొని వాకిట్ల నిలబడ్డది.

"పొద్దటిసంది పెదవులు కుట్టుకున్నట్టు నిలబడ్డమే తల్లీ, జల్ది నడువు, ఇగ నావశం కాదు" అన్నది పక్కింటి సమ్మవ్వ.

బస్సుల కండక్టర్ నోరు తెరవకముందే పర్శరాములు ఊరి పేరు చెప్పిండు. కండక్టర్ కిందికి చూసి, "ఆడోళ్ళకు ఫ్రీ. గీ గడప ఆడిదా, మొగదా?" అన్నడు.

"పసుపు కుంకుమ ఉన్నది, అవుపడ్తలేదా?" అన్నడు పర్శరాములు.

"అయితే ఫ్రీయే. జర కాళ్ళకు అడ్డం రాకుంట జరుపుకోండ్రి."

ఎయిర్‌పోర్టు గేటు దాక పర్శరాములు వచ్చిండు. అక్కడి నుంచి టికెట్ ఉన్నవాళ్ళకే దారి. లోపల బోర్డింగ్ పాసు ఇచ్చే పిల్ల గడపను చూసి, "ఇది మీ వెంటనే ఉంటదా ఆంటీ?" అని అడిగి, దానికొక చీటి కట్టింది.

తరువాతది ఇమిగ్రేషన్ లైను. దేశం దాటేవాళ్ళ పాస్‌పోర్టు చూసి, ముద్ర వేసి పంపే జాగ అది. వినోద ముందర వందన అనే కరీంనగర్ పిల్ల ఉన్నది. జీన్స్ ప్యాంటు వేసుకొని, నల్లద్దాలు నెత్తికి ఎక్కించుకున్నది. ఆమెది కూడ మస్కటే, ఆమెది కూడ విజిట్ వీసానే.

"అక్క దగ్గర జర రోజులు ఉండి వస్త ఆంటీ. తిరిగొచ్చే టికెట్ ఇంక తియ్యలే, అక్కడికి పోయినంక చూస్కుంట" అన్నది వందన.

కౌంటర్ల కూసున్న ఆఫీసర్ వందన మొఖం చూసి "హాలిడే?" అన్నడు. "యెస్" అన్నది. ముద్ర పడ్డది.

తరువాత వినోద. ఆఫీసర్ ఆమె గదుమ మీది పచ్చబొట్టు చుక్కలు చూసిండు. ముక్కుకు రెండు దిక్కుల పుల్లలు చూసిండు. నేత చీర, చేతుల గుడ్డసంచి, గోధుమరంగు వేళ్ళు చూసిండు. ఆఖరుకు పాస్‌పోర్టు తెరిచిండు.

"కహా జా రహే?" అన్నడు.

అంటే ఎక్కడికి అని. ఊరంత నోరు కట్టుకొని కాపాడిన ప్రయాణం. వినోద రెండడుగులు వెనుకకు వచ్చి, నేల మీద కూసోని, సీసల నీళ్ళు గుక్కెడు తాగి, లేచి మళ్ళ కౌంటర్ ముందుకు వచ్చింది. గడప కూడ ఆమెతోని వెనుకకు పోయి ముందుకు వచ్చింది.

ఆఫీసర్ కుర్చీల నుంచి సగం లేచిండు. "క్యా హువా? మై పూఛా, కహా జా రహే?"

వినోద మళ్ళ వెనుకకు వచ్చింది. కూసున్నది. నీళ్ళు తాగింది.

లైన్ల వెనుక ఎవరో నవ్విండ్రు. ఎవరో "ఏందమ్మా, మా ఫ్లైటు పోతది" అని విసుక్కున్నరు. మూడోసారి అడిగేసరికి సీసల నీళ్ళు అయిపోయినయి. అప్పుడు ఇగ తప్పక, "మస్కట్, బిడ్డ కాడికి" అన్నది. కానీ అప్పటికే ఆఫీసర్ మనసుల జవాబు రాసుకున్నడు. ఈమె భయపడుతున్నది, ఎవరో నేర్పిచ్చి పంపిండ్రు అని.

ఆమెను పక్కగదికి పంపిండు. అక్కడ ఒక మేడం ఉన్నది, పెద్ద అధికారి. తెలుగు మనిషే.

"ఎవరింట్లో పని కుదిరిందమ్మా?" అని అడిగింది మేడం.

"పనికి కాదు మేడం. బిడ్డ కాన్పుకు."

"అందరూ ఇదే చెప్తారు. ఏజెంటు ఎవరు?"

"ఏజెంటు లేడు, మా అల్లుడు పంపిండు."

"ఎంత వరకు చదువుకున్నావు?"

"చదువుకోలే."

మేడం సంచి తెరిపించింది. మడతలు విప్పి చూసింది. "బిడ్డను చూడడానికి వెళ్ళేవాళ్ళు కొత్త బట్టలు తీసుకెళ్తారు. ఇవన్నీ పాత గుడ్డలు. ఇల్లు తుడవడానికి కాకపోతే ఎందుకు?"

వినోద విప్పిన మడతలు మళ్ళ పెట్టుకున్నది. పసిగుడ్డుకు చుట్టే బట్టను ఇల్లు తుడిచే గుడ్డ అంటే ఏమని జవాబు చెప్పాలె?

"చేతులు చూపించు. ఇవి పనిచేసే చేతులు కావా?"

"బీడీల చేతులు మేడం. పనిచేసే చేతులే. పనిచేస్తే బిడ్డను కనొద్దా, బిడ్డను చూడ పోవద్దా?"

మేడం చెడ్డ మనిషి కాదు, అది కూడ చెప్పాలె. ఏజెంట్ల మాట నమ్మి విజిట్ వీసా మీద పోయి, పరాయి ఇండ్లల్ల చిక్కి, తిండి లేక దెబ్బలు తిని ఏడ్చిన ఆడవాళ్ళు మన జిల్లాలల్లనే ఉన్నరు. అటువంటివాళ్ళను ఆపేటందుకే ఆ ప్రశ్నలు. కానీ ఎవరిని ఆపాలెనో మొఖం చూసి, చీర చూసి తేల్చుకుంటే అది కాపాడుడు ఎట్లయితది? రాను పోను టికెట్ ఉన్న మనిషి గదిల కూసున్నది, తిరుగు టికెట్ లేని మనిషి విమానం ఎక్కబోతున్నది. వందనది తప్పని కాదు. ఆమెను నమ్మినట్టే ఈమెను నమ్మితే ఏం పోయేది?

వినోద ఫోన్ కలిపి ఇచ్చింది. అవతల సృజన ఏడ్చుకుంట, "మేడం, మా అవ్వనే మేడం" అంటున్నది.

"ఫోన్లో ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు" అని మేడం ఫోను తిరిగిచ్చింది. "ఇదంతా నిన్ను కాపాడడానికేనమ్మా. అర్థం చేసుకో."

"నన్ను ఎవరి నుంచి కాపాడుతున్నరు మేడం? నా బిడ్డ నుంచా?"

మేడం ముద్ర అందుకున్నది. పాస్‌పోర్టు మీద ప్రయాణం రద్దు ముద్ర పడ్డది.

వినోద బయటికి వచ్చి గోడకు ఒరిగి నిలబడ్డది. ఏడుపు రాలే, కోపం కూడ బయటికి రాలే. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలెనో తెలువలే. మస్కట్ విమానానికి ఆఖరి పిలుపు వినపడ్డది. గడప ఆమె కాళ్ళకు ఆనుకొని పడి ఉన్నది.

వినోద వంగి దాని మీద చెయ్యేసింది. "నన్ను ఎట్లనూ పోనియ్యరు. నువ్వన్న పో. బిడ్డ ఇంటి ముందర పడుండు" అన్నది.

గడప కదలలే. పుట్టి బుద్ధెరిగి అది ఆమెను విడిచి పోలే.

"నా మాట ఇను. అది ఒక్కతే ఉన్నది" అన్నది వినోద.

గడప మెల్లగ జరిగి లైన్ల నిలబడ్డది. దాని వంతు వచ్చినంక ఆఫీసర్ వంగి చూసిండు. పసుపు ఉన్నది, కుంకుమ ఉన్నది, చీటి ఉన్నది. అనుమానపడేటందుకు దానికి మొఖం లేదు. పని చేస్తదో లేదో చూసేటందుకు చేతులు లేవు. చీర లేదు, భాష లేదు. ఆఫీసర్‌కు అడిగేటందుకు ఏమీ దొరకలే.

"జావో" అన్నడు.

వినోద ఇంటికి వచ్చింది. దర్వాజ కింద సందు అట్లనే ఉన్నది. కోళ్ళు రాకుంట పర్శరాములు తట్ట ఒకటి అడ్డం పెట్టిండు. వాడకట్టోళ్ళు వచ్చి కూసున్నరు, చాయ తాగి పోయిండ్రు. సుధాకర్ ఫోన్ చేసి గడప చేరిందని చెప్పిండు. "మా దర్వాజ ముందర వచ్చి పడుకున్నదత్తమ్మా, సృజన దానికి పసుపు రాసింది" అన్నడు.

తరువాత కొన్నాళ్ళకు, ఒకనాడు వినోద బీడీలు చుడుతుంటే ఫోన్ మోగింది. సుధాకర్ డ్యూటీల ఉన్నడు, సృజనకు నొప్పులు మొదలైనయి. అంబులెన్సుకు చెప్పిందట, ఇంక రాలేదట. "అవ్వా" అని ఒక్క మాట అన్నది, ఫోన్ చేతుల నుంచి జారినట్టుంది, చప్పుడైంది.

వినోద చాట పక్కకు నూకి లేచింది. బస్సుకు ఉరుకాలెనో, మళ్ళ ఆ కౌంటర్ల మొఖాల ముందు నిలబడాలెనో ఆమెకే తెలువది. గోడకున్న గుడ్డసంచి చేతికందింది. దర్వాజ కాడ తట్ట తీసి పక్కన పెట్టి, గడప ఉన్నట్టే అలవాటుగ కుడికాలు ఎత్తి దాటింది.

కాలు చల్లటి టైల్స్ మీద పడ్డది. ఎదురుంగ మంచం పట్టె పట్టుకొని సృజన నిలబడి ఉన్నది, చెమటలు కారుతున్నయి.

"వచ్చినవా అవ్వా" అన్నది.

"వచ్చిన. పండుకో, నా చెయ్యి పట్టు" అన్నది వినోద.

వెనుక లక్సెట్టిపేట వాకిట్ల నుంచి సమ్మవ్వ తొంగి చూసింది. "గడప గక్కడ పడుంటే ఇల్లు ఇక్కడెట్లుంటది మరి" అనుకుంట కాయం డబ్బా తెచ్చి లోపల పెట్టి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి పోయింది.

అంబులెన్సు వచ్చేవరకే ఆడపిల్ల పుట్టింది. వినోద ఆ బీడీల వేళ్ళతోనే పిల్లను అందుకొని, పాత చీర గుడ్డల చుట్టింది. తల్లీబిడ్డలను దవాఖానకు తీసుకుపోయేటప్పుడు నర్సు, "మీరు కూడ రండి" అన్నట్టు చేత్తోని సైగ చేసింది. వినోద గడప దాక వచ్చి ఆగిపోయింది. కింద గేటు కాడ ఎవరన్న ఉంటరు, మొఖం చూస్తరు, పాస్‌పోర్టు అడుగుతరు. దాంట్ల ఉన్నది రద్దు ముద్ర. బిడ్డ బాగనే ఉన్నదని సుధాకర్ ఫోన్ చేసేదాక ఆ గదిల అటు ఇటు తిరుగుకుంట ఉన్నది.

పురుడు ఎల్లేదాక వినోద బిడ్డ దగ్గరనే ఉన్నది. నడుమ నడుమ ఆ గడపే దాటి లక్సెట్టిపేట ఇంటికి పోయి పర్శరాములుకు వండిపెట్టి, బీడీలు చుట్టి వచ్చేది. కానీ మస్కట్ల ఆ ఇంటి మెట్లు ఒక్కసారి కూడ దిగలే.

"అవ్వా, రోడ్డు దాటితే సముద్రం. నువ్వెన్నడు చూడకపోతివి. నాతోని దా, ఎవరేమంటరు?" అన్నది సృజన.

"ఎవరేమంటరో నాకెరుకే" అన్నది వినోద.

మనుమరాలిని ఎత్తుకొని కిటికీ కాడికి పోయింది. ఎదురుంగ ఇంకో పెద్ద ఇల్లు అడ్డమున్నది. దాని గోడ పక్క నుంచి, పైట అంచంత సన్నగ, నీలం చార ఒకటి కనపడుతున్నది.

"అగో, గదేనట సముద్రం" అని పిల్లను జర పైకి లేపింది. "నువ్వు పెద్దగైనంక పోయి, మంచిగ చూసి, ఎట్లుంటదో నాకు చెప్పు."