ఏడో ఓటు

సినిమావాళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. కెమెరామన్‌గా పనిచేసిన ముప్ఫై ఎనిమిదేళ్ళూ వెలుతురు కొలిచే మీటరు మెళ్ళో తాడుకి వేలాడుతూనే ఉండేది కాబట్టి, చిన్నాపెద్దా అందరికీ ఆయన మీటరు బాబాయే. రిటైరయ్యాక మెళ్ళో మీటరు పోయింది గాని ఆ పేరు పోలేదు.

ఆ ఏడు ఆయన్ని మళ్ళీ అవార్డుల కమిటీలో వేశారు. మొత్తం ఏడుగురు. పన్నెండు రోజుల్లో నలభై ఒక్క సినిమాలు చూసి ఏ బహుమతి దేనికో తేల్చాలి. మొదటిరోజే ఆఫీసు గుమస్తా ఆయన ముందు ఒక కాగితం పెట్టాడు. కమిటీ సభ్యుల ఇంటివాళ్ళెవరైనా ఏదైనా సినిమాకి పనిచేసి ఉంటే అందులో రాయాలి. ఆ సినిమా చూడొచ్చు గాని దాని గురించి మాట్లాడకూడదు, ఓటు వెయ్యకూడదు, ఫలితాలు వచ్చేదాకా బయటా నోరు విప్పకూడదు. ఆయన కూతురు ఒక బొమ్మల సినిమాకి నాలుగేళ్ళు పనిచేసింది. పిల్లల సినిమా. దానికి తన ఓటు పడితే ఎంత, పడకపోతే ఎంత అనుకుని, రాసి సంతకం పెట్టేశాడు.

కూతురి పనంటే ఆయనకి చులకన అనకూడదు. అర్థం కాలేదంతే. ఉద్యోగంలో చేరినప్పుడు, "లైటింగ్ చేస్తాను నాన్నా" అని చెప్పిందా పిల్ల.

"కంప్యూటర్లో లైటింగేంటమ్మా? బల్బు మాడదు, మబ్బు పట్టదు" అని నవ్వాడు ఆయన.

ఆ పిల్లా నవ్వేసింది. ఆ తర్వాత పని సంగతులన్నీ తల్లికే చెప్పుకునేది. తనకి చెప్పడం మానేసిందని ఆయన చాలాకాలం గమనించనే లేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. పద్నాలుగు కుర్చీల చిన్న థియేటరు. వంతెన కింద కాపురముండే ఎలుగుబంటి కుటుంబం కథ. తండ్రి గొడుగులు బాగుచేస్తాడు. వంతెన పడగొడుతున్నాం, మూడు రోజుల్లో ఖాళీ చెయ్యండని కబురొస్తుంది. ఆ మూడు రోజులే సినిమా. మొదటి పావుగంటా ఆయన కాలు మీద కాలేసుకుని చూశాడు. పిల్ల ఎలుగు తాత కళ్ళజోడు పెట్టుకుని పోయి గోడకి గుద్దుకుంటే, అందరితోపాటు తనూ నవ్వాడు.

తర్వాత ఒక సీను వచ్చింది. సామాను సర్దేశారు. తల్లి ఎలుగు వంటింట్లో ఒక్కతే ఉంది. పటాలు తీసేసినచోట గోడ మీద పలకలంతేసి తెల్లటి మచ్చలు. కిటికీలోంచి నాలుగింటి ఎండ వచ్చి ఆ గోడ మీద మెల్లగా పాకుతోంది. ఒక మచ్చని తాకి, దాన్ని దాటి, ఇంకోదాని మీదికి పోతోంది. తల్లి ఎలుగు తడిగుడ్డ తీసుకుని, మరకేమో అన్నట్టు ఒక మచ్చని తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది. మాట లేదు, సంగీతం లేదు.

మీటరు బాబాయి కాలు దించి ముందుకి వంగాడు. అలాంటి ఎండ కోసం ఒకసారి యూనిట్ మొత్తాన్ని పదకొండు రోజులు కూర్చోబెట్టి నిర్మాత చేత తిట్లు తిన్నాడు. పన్నెండో రోజున కూడా దొరికింది సగమే. ఇక్కడ తన కూతురు సూర్యుడే లేని చోట ఆ ఎండ పుట్టించింది. గోడ దిగి నేల మీదికి వచ్చేసరికి దాని రంగు ఒక పిసరు మందగించింది. అది ఒకరు చెబితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి చూసి ఉండాలి. ఎప్పుడు చూసిందో ఆయనకి తెలీదు. తనతో షూటింగులకి వచ్చిన రోజుల్లోనేమో. అప్పుడు ఆ పిల్లకి విసుగ్గా ఉంటుందని, మధ్యాహ్నానికల్లా కారెక్కించి ఇంటికి పంపేసేవాడు.

లైట్లు వెలిగాయి. పక్క కుర్చీలో ఉన్న ఎడిటరమ్మ కళ్ళు ఒత్తుకుంటూ, "అన్నయ్యా, ఈ ఏడు మనం చూసినవాటిలో ఇదే పెద్ద సినిమా. ఉత్తమ చిత్రానికి నేను దీన్నే అంటాను" అంది.

ఆయన నోరు తెరిచాడు. వెనక వరసలో గుమస్తా చిన్నగా దగ్గాడు. ఆయన నోరు మూసుకున్నాడు.

పదకొండో రోజుకి ఉత్తమ చిత్రం పోటీలో రెండే మిగిలాయి. ఒకటి ఎలుగుబంట్ల సినిమా, రెండోది ఒక జడ్జి జీవితం మీద తీసిన మూడు గంటల సినిమా. చర్చ మొదలవబోతుంటే గుమస్తా వచ్చి, "సార్, మీరు కాసేపు బయట..." అని నసిగాడు.

ఆయన లేచాడు గాని అధ్యక్షుడి దగ్గర ఆగాడు. అధ్యక్షుడు పాతకాలపు దర్శకుడు. ఇద్దరూ కలిసి నాలుగు సినిమాలు చేశారు.

"ఒక్క మాట చెప్పి వెళ్తాను. సినిమా గురించి కాదు, వెలుతురు గురించి."

"వద్దోయ్. సంతకం పెట్టావు. ఇప్పుడు నువ్వేం మాట్లాడినా ఆ సినిమాకే చెరుపు."

బయట నడవాలో ఒక బెంచీ. గదికి అద్దాల తలుపు. లోపలివాళ్ళు కనిపిస్తారు, వినిపించరు. పత్రికలో సమీక్షలు రాసే ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఎడిటరమ్మ లేచి నిలబడి మాట్లాడుతోంది. అటెండరు టీ తెచ్చిస్తే, మీటరు బాబాయి మీగడ కట్టేదాకా దాన్ని చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు. చెప్పాల్సినవన్నీ లోపల్లోపల చెప్పుకుంటున్నాడు. నటులు లేరంటారు, మరి గుడ్డ పట్టుకున్న ఆ చెయ్యి ఏం చేసినట్టు? పిల్లలు చూసేదంటారు, పిల్లలు చూస్తే సినిమా చిన్నదైపోతుందా? ఇంటిల్లిపాదీ పక్కపక్కన కూర్చుని ఒకేచోట నవ్వి, ఒకేచోట మాట పడిపోయి చూసే సినిమా తన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎన్ని చేశాడు? వేళ్ళు మడిచి చూసుకున్నాడు. రెండో వేలు దగ్గరే ఆగిపోయాడు.

ఇంతలో లోపల గుమస్తా ఒక పాత ఫైలు తెచ్చి అధ్యక్షుడికిచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఏదో చదివాడు. అందరూ ఒక్కసారి తలుపు వైపు, బయటున్న మీటరు బాబాయి వైపు చూసి, మళ్ళీ తలలు తిప్పుకున్నారు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

భోజనాల దగ్గర ఎడిటరమ్మ పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. చెప్పకూడదు, అయినా చెప్పింది.

"మూడూ మూడూ పడ్డాయి అన్నయ్యా. సమానంగా వస్తే పాత కమిటీల మాట చూడాలట. తొమ్మిదేళ్ళ కిందటి నోట్ ఒకటి తీశారు. బొమ్మల సినిమాలో కెమెరా లేదు, వెలుతురు లేదు, మనిషి ముఖం లేదు, మిగతా సినిమాలతో కలిపి వాటిని తూచడం కుదరదు, వేరే బహుమతి పెట్టి అందులో వేసెయ్యండి అని ఉంది." గొంతు తగ్గించింది. "నీ చేతిరాతే."

ఆయనకి రాసినట్టు గుర్తుంది. ఆ ఏడు వచ్చిన బొమ్మల సినిమా నడుస్తుంటే సగంలో కునుకు తీసిన సంగతీ గుర్తుంది.

చెయ్యి కడుక్కుని నేరుగా గుమస్తా దగ్గరికి వెళ్ళాడు. "ఆ నోట్ నాదే. వెనక్కి తీసుకుంటాను."

గుమస్తా మంచివాడు. కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. "అప్పటి కమిటీ దాన్ని ఒప్పుకుని, ఓట్లు సమానమైనప్పుడు చూడాల్సిన రూల్లో కలిపేసింది సార్. ఇప్పుడది మీది కాదు. రూల్సు అయిదేళ్ళకోసారి తిరగరాస్తారు. పోయినేడే రాశారు."

"మార్చమని అర్జీ పెట్టుకుంటే?"

"పెట్టుకోవచ్చు. కాని ఈ సినిమా పేరెత్తకుండా పెట్టాలి సార్. మీ అమ్మాయిది కదా."

ఫలితాలు చెప్పడానికి ఇంకా నాలుగు వారాలు. ఆదివారం కూతురు భోజనానికి వచ్చింది. పళ్ళెం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అడిగింది.

"సినిమా చూశావా నాన్నా?"

"చూశాను."

ఇంకేమనాలో ఆయన లోపల్లోపల తూచుకున్నాడు. బాగుందంటే ఆశ పెట్టుకుంటుంది. ముఖం దించుకుంటే ఫలితం తెలిసిపోతుంది. "ఇప్పుడు దాని గురించి మాట్లాడకూడదమ్మా" అన్నాడు.

"సర్లే" అంది. నచ్చలేదని అనుకుందని ఆ ఒక్క మాటలోనే ఆయనకి తెలిసిపోయింది.

కూతురు వెళ్ళాక భార్య ఆయన్ని కడిగేసింది. "బాగుందని ఒక్క ముక్క అంటే కమిటీవాళ్ళొచ్చి నిన్ను పట్టుకుపోతారా?"

మిగతా మూడు ఆదివారాలూ ఇంట్లో వాతావరణం గురించి, నీళ్ళ మోటారు గురించి మాట్లాడుకున్నారు.

ఎలుగుబంట్ల సినిమాకి ఉత్తమ కుటుంబ బొమ్మల చిత్రం అన్న బహుమతి వచ్చింది. సాయంత్రం టీవీలో చూపించే పెద్ద సభలో కాదు, దానికి ముందు మధ్యాహ్నం జరిపే చిన్న సభలో ఇచ్చారు. దాని దర్శకురాలు వేదిక మీద పనిచేసినవాళ్ళ పేర్లు చదువుతుంటే, సగంలోనే మైకు తీసి తర్వాతి వాళ్ళకిచ్చారు. కూతురి పేరు ఆ రెండో సగంలో ఉంది.

సోమవారం పొద్దున ఆయన మొదటిసారి కూతురి ఆఫీసుకి వెళ్ళాడు. కిటికీలకి నల్ల తెరలు, వరసగా కంప్యూటర్లు, సగం కుర్చీలు ఖాళీ. పెద్ద బహుమతి వస్తే ఇంకో సినిమాకి పెట్టుబడి దొరుకుతుందని యజమానులు ఆశపడ్డారట. రాలేదు. ఇప్పుడు టూత్‌పేస్టు ప్రకటన ఒప్పుకున్నారు. కూతురు ట్యూబు మూత మీద మెరుపు సరిచేస్తోంది.

పక్కన నిలబడి ఆయన అంతా చెప్పాడు. వంటింటి గోడ, మచ్చలు, పదకొండు రోజులు ఎదురుచూసినా తనకి సగమే దొరికిన ఎండ. నేల మీదికొచ్చాక మందగించిన రంగు గురించి చెప్పేసరికి ఆ పిల్ల చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"అది ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు నాన్నా" అంది. తర్వాత, "ఆ ఆదివారమే చెప్పాల్సింది."

"చెప్పే వీల్లేదమ్మా."

నోట్ సంగతీ చెప్పాడు, మూడూ మూడూ పడిన సంగతీ చెప్పాడు. ఆ పిల్ల తెర వైపే చూస్తూ వింది.

"ఏమని రాశావు?"

"వెలుతురు లేదని."

ఆ పిల్ల మూత మీది మెరుపుని కాస్త తగ్గించి, మళ్ళీ పెంచింది. చివరికి తనే అడిగింది. "నేను ఆ సినిమాకి పనిచెయ్యకపోయుంటే నువ్వు లోపలే ఉండేవాడివి. ఏడో ఓటు నీదే. దానికే వేసేవాడివా?"

వేసేవాణ్ణి అందామని నోటి చివరిదాకా వచ్చింది. "నువ్వు లేకపోతే నేను దాన్ని సరిగ్గా చూసేవాణ్ణి కాదేమో" అన్నాడు.

"అవును" అంది, కోపం లేకుండా.

అద్దాల గదిలోంచి ఎవరో కేకేశారు. ట్యూబు ఇంకా తెల్లగా కావాలట. "వస్తాను నాన్నా" అని లేచి వెళ్ళింది. గంటన్నర చూశాడు. గదిలో ఏదో తెగడం లేదు, వేళ్ళు తెర వైపు చూపిస్తున్నారు, ఆ పిల్ల తలూపుతోంది. ఎవరికీ అడ్డు రాకుండా మెట్లు దిగి, ఆయన బస్‌స్టాపుకి నడిచాడు.