మాటకో వయసు

త్రిపురసుందరి పొద్దున్నే మిరియాల పాలు తాగి, కృష్ణానగర్ నుంచి ఆటోలో ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటరుకి వచ్చింది. అరవై దాటినా హీరోయిన్లకి ఇంకా ఆవిడదే గొంతు. తెలుగు ఎంతైనా లేత పిల్లలా పలికేది. ఇంగ్లీషుతోనే తంటా. ఒక ఇంగ్లీషు మాట జనం నోళ్లలో నలిగిన రోజుల్లో తన వయసెంతో, ఆ మాట అంత వయసు గొంతుతో వచ్చేది. మైకు ఎత్తు సరిచేసినంత మామూలుగా ఆవిడ కోసం డైలాగు సరిచేసేవారు. ఇప్పటి హీరోయిన్లకి సగం భాష ఇంగ్లీషే అయిపోయింది మరి, ఎన్నని సరిచేస్తారు?

"ఆసమ్" అంది మైకులో. ముసలి గొంతు. మళ్లీ అంది. మళ్లీ అదే.

అద్దం అవతల డైరెక్టరు ప్రభాకర్ వాచీ చూసుకున్నాడు. "తెర మీద అమ్మాయికి ఇరవయ్యేళ్లండీ. ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే బయట ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాను."

ఆ అమ్మాయి మంజులత, వరండాలో పెదాలు కదుపుతూ డైలాగు వల్లె వేస్తోంది. త్రిపురసుందరికి తెలుసు, ఈ సినిమా చేజారితే ఇక పిలిచేవాళ్లుండరు.

సౌండు ఇంజనీరు బాలనర్సయ్య మెల్లగా అన్నాడు. "అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. మీరు కాలేజీల ఉన్నప్పుడు గిసొంటి దానికి ఏమంటుండిరి?"

ఆవిడ కళ్లు మూసుకుని "స్ప్లెండిడ్" అంది. గది నిండా పద్దెనిమిదేళ్ల గొంతు. తెర మీది పెదాలతో మాట కాస్త కలవకపోయినా ప్రభాకర్ ఓకే అనేశాడు.

సినిమా ఆడింది. జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో, కృష్ణానగర్ సందుల్లో ఆడపిల్లలు ఏం నచ్చినా స్ప్లెండిడ్ అనడమే. వింటూ త్రిపురసుందరి తెగ మురిసిపోయింది. తర్వాతి సినిమాలో ప్రభాకర్ కావాలనే ఆ మాట సీనుసీనుకీ రాయించాడు.

ఆవిడ ధీమాగా మైకు ముందు నిలబడింది. "స్ప్లెండిడ్."

వణికే ముసలి గొంతు వచ్చింది. ఇంకోసారి అనమని ఎవరూ అడగలేదు.

"ఇప్పుడు అందరి నోట్ల పడ్డది గదమ్మా, గా మాట" అన్నాడు బాలనర్సయ్య.

ప్రభాకర్ వాచీ చూసుకున్నాడు. ఆవిడే తలుపు తీసి, చిన్న పాత్రకి గొంతివ్వడానికొచ్చి వరండాలో ఉన్న మంజులతని పిలిచింది.

"భయమైతుందమ్మా. ఎట్ల అనాలె?" అంది ఆ పిల్ల.

"నవ్వు ఆపుకుంటున్నట్టు అను."

త్రిపురసుందరి వరండా బెంచీ మీద కూర్చుని వింది. లోపల్నుంచి తన మాట, తన విరుపుతోనే, ఇంకొకరి గొంతులో వచ్చింది. ఆ పిల్ల మీద కోపం రాలేదంటే అబద్ధం. కాసేపటికి కళ్లు తుడుచుకుని తలుపు కొద్దిగా తెరిచింది.

"ఊపిరి ముందే పీల్చుకో తల్లీ" అంది.