మంట అనకూడదు

ఎర్లిండా చెవుల మీంచి హెడ్‌ఫోన్లు లాగేసి, ఇద్దరు గార్డులు ఆమెను మెట్ల వైపు ఈడ్చుకుపోయారు. మా అందరి కళ్లముందే. ఫిలిప్పీన్స్‌లోని మా బకోలోద్ కాల్‌సెంటర్‌లో ఆ ఉదయం ఒక్కరం కూడా లేవలేదు.

అంతకుముందు రోజు ఆస్ట్రేలియా నుంచి ఒక ముసలావిడ ఫోన్ చేసి, కొత్త ల్యాప్‌టాప్ నుంచి పొగ వస్తోందంది. "మంట" అనే మాట మా నోట రాకూడదు. "కొంచెం వేడెక్కడం మామూలేనమ్మా, ఛార్జింగ్ పూర్తి కానివ్వండి" అనాలి. కంప్యూటర్ కంపెనీ నేర్పిన ఆ మాటలే ఎర్లిండా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఇల్లు తగలబడింది. ముసలావిడ బతకలేదు.

తప్పుడు సలహా ఇచ్చింది భాగస్వామి సంస్థ ఉద్యోగి అని కంపెనీ ప్రకటించింది. ఆ భాగస్వామి, అంటే మా సంస్థ, ఎర్లిండాను గెంటేసింది. పైగా ఎలా మాట్లాడకూడదో నేర్పుతామంటూ ఆ ఫోన్ సంభాషణ మాకు వినిపించింది. చివర్లో ముసలావిడ "ఉన్నావా తల్లీ?" అంది. ఆ తర్వాత ఏమీ లేదు.

భోజనాల దగ్గర డెల్ఫిన్ అన్నాడు: "నోరు మూసుకుంటే ఉద్యోగమన్నా మిగులుద్ది."

"మిగులుద్దిరా, ఇంకో ఇల్లు తగలడేదాకా," అంది మాలో పెద్దదైన టెస్సీ అక్క. "ఈసారి నీ నోటితోనే చంపిస్తారు."

డెల్ఫిన్ కాల్చిన కోడిముక్కను పక్కకు నెట్టేశాడు. "నిద్దట్లో పిలుస్తోందక్కా ఆవిడ."

మమ్మల్నీ పిలుస్తోంది. ఎవరం పైకి అనలేదంతే.

శుక్రవారం కంపెనీ పెద్దలు కెమెరాలతో దిగారు. అందరికీ పసుపు చొక్కాలు తొడిగి, "మనదంతా ఒకే కుటుంబం" అని సినిమా తీస్తున్నారు. అప్పుడే డెల్ఫిన్‌కు ఫోన్ వచ్చింది. అతను మైకును నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"అది మంట సార్! ముందు పిల్లల్ని తీసుకుని బయటికెళ్లండి. ఫైరింజన్‌ను పిలవండి!"

మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమన్నావురా?"

టెస్సీ అక్క లేచి నిలబడే తన ఫోన్లో చెబుతోంది: "మంటలొస్తాయమ్మా, దాన్ని వాడకండి." పక్క వరుస అందుకుంది. నేనూ అన్నాను. గదంతా అదే మాట.

"కెమెరా ఆపండి! లైన్లు కట్ చెయ్యండి!" మేనేజర్ అరిచాడు.

పోలీసులొచ్చి టెస్సీ అక్కనూ డెల్ఫిన్‌నూ పట్టుకున్నారు. ఈసారి మేం మెట్లకడ్డంగా కూర్చున్నాం. లాఠీలతో దారి చేసుకుని వాళ్లను తీసుకుపోయారు. మేం కదల్లేదు. సాయంత్రానికి కంపెనీ మరో ప్రకటన చేసింది: ఆ భాగస్వామితో తమకిక ఏ సంబంధమూ లేదని.

చీకటి పడుతుండగా పైఅంతస్తు నుంచి అడుగుల చప్పుడు. అక్కడ ఏదో బ్యాంకు తరఫున ఫోన్లెత్తే వాళ్లు గుంపుగా దిగివస్తున్నారు. ముందున్న పిల్ల మెడలోని గుర్తింపు కార్డు తీసేసి, మా పక్కన చతికిలబడింది.

"అనకూడని మాటలు మీకేనా అక్కా?" అంది. "జరగండి, మాక్కూడా చోటియ్యండి."