మూడు తోలు వాషర్లు

ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఒక్క ఊళ్ళోనే ఇలా జరుగుతోందనుకుంటారు. గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య రైలు ఆగే ఊళ్ళలో ఏదో ఒకటి అనుకోండి, చాలు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. బస్టాండు ఎదుట, మురుగు పైపులు కడిగే జెట్టింగ్ మిషన్‌ను తుడిచి, బంతిపూల దండ వేసి నిలబెట్టారు. జిల్లా నుంచి తనిఖీ. మిషన్ నడిపే శాంతయ్య మీట నొక్కాడు. పంపు అరిచింది. పైపు మూతిలోంచి నీళ్ళు కరెంటు స్తంభం ఎత్తుకు లేచాయి. పెద్దలు చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు, కార్లెక్కారు. కార్లు మలుపు తిరిగాయో లేదో, పంపు పొట్టలోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. ఒత్తిడి చూపించే ముల్లు సున్నా మీద పడుకుంది. మిషన్‌కు పది అడుగుల దూరంలో మురుగు తీసే శ్యాంసన్ బనీను విప్పి, నడుముకు మోకు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. దండ ఇంకా వాడనైనా లేదు. కాంట్రాక్టర్ మనిషి పైనుంచి తొందర పెడుతున్నాడు.

దీన్ని అన్యాయం అంటే ఆఫీసులో నవ్వుతారు. మనుషులు దిగకూడదని చట్టం ఉంది, దిగకుండా మిషన్ ఉంది, ఇంకేం కావాలి మీకు అంటారు.

కావలసింది చాలా చిన్నది. ఆ పంపులో మూడు కడ్డీలు ముందుకూ వెనక్కూ ఆడతాయి. ఒక్కోదాని చుట్టూ రబ్బరు సీళ్ళుంటాయి. అవి అరిగిపోతే నీళ్ళు ముందుకు తన్నకుండా పక్కకు కారతాయి. సీళ్ళు, వాషర్లు, స్ప్రింగులు కలిపి కిట్టు అని అమ్ముతారు. టిఫిన్ బాక్సులో పట్టేంత సరుకు. గుంటూరులో పొద్దున రైలుకేస్తే మధ్యాహ్నానికి మా స్టేషన్లో దిగుతుంది. మిషన్ ఒప్పందంలోనే ఉంది, ఆరు నెలలకోసారి కాంట్రాక్టర్ నాగేశ్వర్లు కిట్టు మార్చాలని. రెండేళ్ళయినా అది రైలెక్కలేదు.

మరి ఆ రోజు నీళ్ళు స్తంభమెత్తు ఎట్లా లేచాయి? అది శాంతయ్య పనితనం. ఇక్కడే మేమంతా తప్పు చేశాం, ముందే చెప్పేస్తున్నాను.

శాంతయ్య ఒకప్పుడు చేతిబోరింగుల మెకానిక్కు. బోరింగుల్లో తోలు వాషర్లు వేసిన చెయ్యి అది. వాళ్ళ నాయన చెప్పులు కుట్టి బతికినవాడు. ఆయన పోయాక చూరులో ఒక జత మిగిలింది, ఎద్దుతోలువి, అట్టలా బిగిసిపోయినవి. తనిఖీ అని ఆఫీసు వాళ్ళు కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, శాంతయ్య ఆ చెప్పుల అడుగులు కోసి, రెండు రోజులు ఆముదంలో నానబెట్టి, మూడు వాషర్లు చేసి పంపులో బిగించాడు. పది నిమిషాలు తట్టుకున్నాయి. "చూసినావా కరుణాకరం అన్నా! కంపెనీవోడు గూడా ఇట్ల చెయ్యలేడు" అని నాతో మురిసిపోయాడు. నేను ఊరుకున్నానా? పలకల గనిలో యూనియన్ పెట్టి, ఇరవై ఏళ్ళు మైకు పట్టుకున్నవాణ్ణి కదా. ఆ ఆదివారం మీటింగులో కార్మికుడి బుర్ర అంటే ఇదీ అని పొగిడాను. అందరం చప్పట్లు కొట్టాం.

తనిఖీ జరిగిన మర్నాడే శాంతయ్య కిట్టు అడగడానికి మున్సిపల్ ఇంజనీరు ఏఈ దగ్గరకు పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"నిన్న ఆడింది గదయ్యా. పెద్దసారు ఫొటో గూడా దిగినాడు. ఆడే మిషన్‌కి కిట్టు కావాలని నేనెట్ల రాసేది?" అన్నాడు ఏఈ.

"పది నిమిషాలే సార్. అది తోలు. నిలబడదు."

పక్క కుర్చీలో నాగేశ్వర్లు టీ తాగుతున్నాడు. లేచి వచ్చి శాంతయ్య భుజం తట్టాడు. "తోలుతో నడిపే మొనగాడివి నువ్వుండంగా కిట్టెందుకు శాంతయ్యా!"

ఆ మాటకు శాంతయ్య నవ్వాడు. పొగడ్త అనుకున్నాడు పాపం. బయటికొచ్చి బీడీ సగం కాల్చాక గానీ ముఖం మాడలేదు.

శ్రావణంలో ఒక్క వాన పడింది. ఈ ప్రాంతంలో వాన పడితే పండగ చేసుకోవాలి. మా వాళ్ళకు మాత్రం ఆ రోజు చావు. సంతపేట మొదట్లో మురుగు ఎగదన్ని, దుకాణాల మెట్లెక్కింది. పొద్దున తొమ్మిదికి మిషన్ తెచ్చారు. శాంతయ్య వాషర్లకు మళ్ళీ ఆముదం పట్టించి బిగించాడు. నాలుగు నిమిషాలు ఆడి ఆగిపోయింది. దుకాణాల వాళ్ళు అరుస్తున్నారు. కాంట్రాక్టర్ మనిషి శ్యాంసన్‌కేసి చూశాడు. చూపు చాలు, మాట అక్కర్లేదు. తర్వాత విచారణలో అదే అన్నాడు కూడా, నేను దిగమని చెప్పలేదు అని.

"దిగొద్దు బావా, ఒక్క గంట ఆగు, మళ్ళా బిగిస్తా" అన్నాడు శాంతయ్య. శ్యాంసన్ ఆయన చెల్లెలు కుమారి మొగుడు.

"గంట ఆగితే రేపు పన్లోకి రావొద్దంటాడు బావా. ఎంతసేపు, ఇట్ల పోయి అట్ల వస్తా."

మోకు రెండుసార్లు గుంజుకుంది. తర్వాత వదులైపోయింది. లాగితే బరువుగా వచ్చింది. గ్యాసు కొట్టిన మనిషిని మీరెప్పుడూ చూడకూడదని కోరుకుంటున్నాను. రెండు వీధుల అవతల ఊడుస్తున్న కుమారి చీపురు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆ చీపుర్ని చాలాసేపటిదాకా వదల్లేదు. శాంతయ్య మిషన్ పక్కనే కూలబడి, స్పానర్‌తో తన కాలి మీద తనే కొట్టుకుంటుంటే ఇద్దరం పట్టుకున్నాం.

మూడో రోజు చర్చి ముందు రేకుల పందిట్లోకి నాగేశ్వర్లు వచ్చాడు. చేతులు జోడించాడు. ఇంతవరకూ మా వాడకు రాని మనిషి.

"సోమవారం విచారణకు ఆఫీసరు వస్తున్నాడు. శాంతయ్యా, ఆ పొద్దు చేసినట్టే పది నిమిషాలు మిషన్ నడిపి చూపించు. అంతే. కుమారికి పని పర్మనెంటు చేయిస్తా. పిల్ల చదువు నేను చూసుకుంటా. నా నోటి మాట."

గోవిందమ్మ లేచింది. ముప్పై ఏళ్ళుగా ఊరు ఊడ్చిన మనిషి, ఆమె నోటికి కమిషనరు కూడా పక్క దారి పడతాడు. "మిషన్ బాగా నడిస్తే, శ్యాంసన్ ఎందుకు దిగినాడని రాస్తారు సామీ?"

నాగేశ్వర్లు తల గోక్కున్నాడు. "అది... చెప్పకుండా దిగినాడని. తప్పదు గదా, ఏదో ఒకటి రాయాల."

"తాగి దిగినాడని గూడా రాస్తారా?"

నాగేశ్వర్లు మళ్ళీ చేతులు జోడించాడు. వస్తానని లేచాడు.

ఆయన పోయాక పందిరి రెండుగా చీలింది. ఉన్నమాట చెప్పాలి, మా వాళ్ళంతా పులులేం కాదు.

"పోయినోడు పోయినాడు. ఉన్నోళ్ళు తినాల గదా. పది నిమిషాలు నడిపితే ఏం పోయింది?" అన్నాడు సాయి. ట్రాక్టర్ మీద చెత్త ఎత్తే మనిషి, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి.

"రేపు నువ్వు దిగినా ఇదే రాస్తారు రా" అంది గోవిందమ్మ.

"దిగనంటే పన్లోంచి తీస్తారు. దిగితే చస్తాం. ఏ దారి చెప్తావో చెప్పు అత్తా!"

నేను లేచి నిలబడ్డాను. చట్టం, హక్కులు, ఐక్యత, అన్నీ నోట్లోకి వచ్చాయి. శాంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు మాట్లాడొద్దన్నా. ఆ వాషర్లు చూసి నువ్వు గూడా చప్పట్లు కొట్టినావు. నేను కోసిన తోలు అడ్డం పెట్టుకుని వాళ్ళు కిట్టు ఎగ్గొట్టినారు. మిషన్ ఆగిపోయి ఉంటే ఆగిపోయిందని ఊరంతా చూసేది. నేనే ఆగనీకుండా చేసినా. నా పనితనమే నా బావను లోపలికి తోసింది."

నేను కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న కుమారి నోరు విప్పింది. "అన్నా, నాకు పర్మనెంటు వద్దు. ఆయన సరదాకి దిగినాడని రాయించుకుని, ఆ కూడు నేనెట్ల తినేది? పిల్ల అడిగితే ఏం చెప్పేది? ఆ తోలు తీసెయ్. ఉన్నది ఉన్నట్టు చూడనీ."

సాయి తల పట్టుకున్నాడు. చివరికి, "సరే, పదండి" అన్నది కూడా వాడే.

పట్టపగలు, నలభై మందిమి మున్సిపల్ షెడ్డుకు నడిచాం. వాచ్‌మన్ గేటు తీసి పక్కకు తప్పుకున్నాడు. శాంతయ్య నాలుగు బోల్టులు విప్పాడు. నల్లబడి, అంచులు చిరిగి, ఆముదం వాసన కొడుతున్న మూడు తోలు వాషర్లు బయటికొచ్చాయి. కుమారి వాటిని కొంగులో కట్టుకుంది. కంపెనీ సామాను ఒక్క మేకు కూడా ముట్టలేదు, అంతా బిగించి వచ్చాం.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. మళ్ళీ బస్టాండే, మళ్ళీ అదే మిషన్. ఈసారి దండ లేదు. జనం మాత్రం సంతరోజులా కమ్ముకున్నారు. ఏఈ శాంతయ్యను పిలిచాడు. శాంతయ్య కదల్లేదు. మా వాళ్ళెవరూ కదల్లేదు. చివరికి కాంట్రాక్టర్ మనిషే మీట నొక్కాడు.

పంపు అరిచింది. పైపు మూతిలోంచి చిన్నపిల్లాడు పోసినంత ధార వచ్చి, కాళ్ళ దగ్గరే పడింది. మిగతా నీళ్ళన్నీ పొట్టలోంచి కారి ఆఫీసరు బూట్లు తడిపాయి. జనంలో ఎవరో నవ్వారు. మేం నవ్వలేదు. రెండేళ్ళ నిజం అలా రోడ్డు మీద కారుతుంటే చూస్తూ నిలబడ్డాం. ఇక కాదనడానికి ఎవరికీ నోరు రాదనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

"సార్, మొన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచింది. ఫొటోలున్నాయి. వీళ్ళే షెడ్డులోకి దూరి పార్టులు పీకినారు" అన్నాడు ఏఈ.

కుమారి ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది. "ఇవే సార్ ఆ పార్టులు."

శాంతయ్య అన్నాడు: "పార్టులు కాదు సార్. మా నాయన చెప్పులు. పెద్దసారు ఫొటో దిగిన పొద్దు మీ మిషన్ వీటి మీదే నడిచింది. ఇవి తీస్తే ఏమున్నదో మీరే చూసినారు. కిట్టు తెప్పించండి, నేనే బిగిస్తా."

ఆఫీసరు ఒక వాషరు చేతిలోకి తీసుకున్నాడు. వేలితో రుద్ది చూశాడు, వాసన చూశాడు. ఆ ఒక్క నిమిషం ఆయన ముఖంలో మనిషి కనిపించాడు. తర్వాత ఫైలు చేతికిచ్చారు, ఫైల్లో ఫొటో ఉంది. స్తంభమెత్తు నీళ్ళు, చప్పట్లు కొడుతున్న పెద్దలు. వాషరు ఏఈకి ఇచ్చేసి చెయ్యి తుడుచుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి పోలీసులు వచ్చారు. ప్రభుత్వ ఆస్తి దొంగతనం, ధ్వంసం. తన నాయన చెప్పుల్ని తనే దొంగిలించాడని శాంతయ్యను జీపెక్కించారు. మూడు వాషర్లనూ కవర్లో పెట్టి లక్క సీలు వేశారు. గోవిందమ్మ జీపుకు అడ్డం పడుకుంటే నలుగురు కానిస్టేబుళ్ళు ఎత్తి పక్కన పెట్టారు. "మిషన్‌కెయ్యని సీలు మా తోలుకేస్తిరి గదరా!" అని ఆమె అరిచిన అరుపు స్టేషన్ రోడ్డు దాకా వినపడింది.

విచారణ నివేదిక వచ్చింది. మిషన్ పనిచేసే స్థితిలోనే ఉండేదట. కార్మికుడు అనుమతి లేకుండా దిగాడట. కుమారికి పరిహారం లేదు. దాని మీద మా వాళ్ళు సమ్మె చేస్తే, సాయితో సహా ఇరవై ఎనిమిది మందిని పన్లోంచి తీసేశారు. శాంతయ్యకు జామీను దొరికింది గానీ, పూచీ పడటానికి పొలం పాసుపుస్తకం ఉన్నవాడు మా వాడలో ఒక్కడూ లేడు. ఉన్నవాళ్ళు నాగేశ్వర్లుకు జడిసి రాలేదు.

మీరు విద్యార్థులు, మీటింగుల్లో అడుగుతారు, చివరికి గెలిచారా అన్నా అని. లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని కుమారి అప్పగించిన పని ఇది, అందుకని కల్పించి చెప్పను.

కిందటి వారం కొమరోలు దిక్కునుంచి ఐదుగురిని ట్రాక్టర్లో తెచ్చారు. బోర్లెండి, పంటలు పోయి, ఏ పనైనా చాలనుకునే మనుషులు. సంతపేట మ్యాన్‌హోల్ దగ్గర దింపారు. మేం ముందే పోయి కూర్చున్నాం. గోవిందమ్మ మూత మీదే కూర్చుంది. కొట్టలేదు, తిట్టలేదు. మంచినీళ్ళిచ్చి, ఇక్కడే మా వాడొకడు పోయినాడని, ఎట్లా పోయినాడో మొదటినుంచీ చెప్పింది. కుమారి పక్కనే నిలబడి ఉంది. ఆ ఐదుగురిలో పెద్దవాడు నిత్యానందం, యాభై దాటిన మనిషి, అంతా విని మిషన్ దగ్గరకు పోయాడు. వంగి పంపు కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసింది.

"సార్, దీనికి ఏందో కిట్టు రావాలంట గదా. అది వచ్చినాక పిలవండి" అన్నాడు ఏఈతో.

"పని లేక వచ్చి నీకు కిట్టు కావాలా? పోతే పో, ఇంకో ఊర్నుంచి తెస్తా!"

తెస్తాడు. ఎండిన ఊళ్ళకు మా దిక్కున కొదవా? నిత్యానందం దగ్గర తిరుగు బస్సు చార్జీకి కూడా డబ్బుల్లేవు. అయినా మిగతా నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చి, గోవిందమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పూట మురుగు అట్లాగే పారింది. ఎవరూ దిగలేదు.

నిన్న సబ్‌జైల్లో శాంతయ్యను చూసి వచ్చాను. చిక్కిపోయాడు. వేళ్ళు ఊరికే ఉండలేక చొక్కా అంచు నలుపుతున్నాయి. ఎప్పుడు పోయినా ముందు రెండు మాటలే అడుగుతాడు, ఇంటి సంగతి కూడా ఆ తర్వాతే.

"కిట్టు వచ్చిందా అన్నా?"

"రాలేదు."

"ఎవరన్నా దిగినారా?"

"ఈ వారం దిగలేదు."

శాంతయ్య తల ఊపాడు. "మళ్ళా వారం గూడా వచ్చి అదే మాట చెప్పు" అన్నాడు.